రిపోర్టులన్నీ నార్మల్, అమ్మ మాత్రం లేవలేకపోయింది

పెద్ద వయసువాళ్ళు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కోలుకుంటారా, మళ్ళీ మంచాన పడతారా అన్నది ఏ జబ్బుతో చేరారన్నదాని మీద కొంతే ఆధారపడి ఉంటుంది. జబ్బు రాకముందు ఒంట్లో ఎంత సత్తువ మిగిలి ఉందన్నది అంతకన్నా పెద్ద సంగతి. డాక్టర్లు దీన్ని ఫ్రెయిల్టీ అంటారు. వయసుతో, జబ్బులతో, తిండి తగ్గడంతో శరీరంలో నిల్వ బలం కరిగిపోయి, చిన్న దెబ్బకే మనిషి కుప్పకూలే స్థితి అది. పోయిన ఏడాది అమ్మ విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

అమ్మకు 76 ఏళ్ళు. తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది, నేను విజయవాడలో ఉంటాను. వానాకాలంలో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే విజయవాడ తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. న్యుమోనియా అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్స్ ఎక్కించారు, వారం దాటేసరికి ఊపిరితిత్తులు తేటపడ్డాయి. జబ్బుకి చేసిన వైద్యంలో వంక పెట్టడానికేం లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో తెల్ల రక్తకణాలు నార్మల్, క్రియాటినిన్ నార్మల్, ఆక్సిజన్ 96 శాతం. పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉందని చివర్లో ఒక ముక్క.

ఆ కాగితాల్లో ఎక్కడా ఈవిడ మంచం మీంచి తనంతట తాను లేవగలదా, బాత్రూము దాకా నడవగలదా అన్నది లేదు. ఎలా ఉంటుంది, చేరిన రోజు నుంచి ఆవిడ చేత ఎవరూ నడిపించలేదు కదా! యూరిన్ పైపు వేశారు, చేతికి సెలైన్, మంచానికి రెండు పక్కలా కమ్మీలు. పడిపోతే మా మీదకొస్తుందని నర్సులు దిగనివ్వలేదు. చివరికి వీల్‌చెయిర్‌లో కారు దాకా తెచ్చారు, తమ్ముడూ నేనూ చెరో పక్కా పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాం.

తెనాలి చేరాక అసలు సంగతి బయటపడింది. అమ్మ మంచం ఎత్తు తక్కువ. లేవబోతుంది, సగం లేచి మళ్ళీ కూలబడుతుంది. పిక్కలు చేత్తో పట్టుకుంటే మెత్తగా జారిపోయి ఉన్నాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: పెద్ద జబ్బు చేసి లేచింది, కదపకండి, నాలుగు రోజులు పడుకోనివ్వండి, చారన్నం పెట్టండి, పప్పు అరగదు. ప్రేమతో చెప్పినవే. ఆ రెండు సలహాలూ అమ్మ లాంటి మనిషికి ఎంత చేటో తర్వాత తెలిసింది.

కొద్ది రోజులకే రాత్రిపూట మాట తేడా వచ్చింది. "పొలానికి నీళ్ళు వదిలారా? మీ నాన్న ఇంకా రాలేదేమే?" అని నన్నే అడిగింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా అందరికీ టెన్షన్ పట్టుకుంది, పక్షవాతమేమో అనుకున్నాం. మర్నాడు తెల్లవారుజామున బాత్రూము గడప దగ్గర పడిపోయింది. ఎముక విరగలేదు గానీ రక్త పరీక్షలో సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు, బాగా పడిపోయిందని తేలింది. సరిగ్గా తినక, తాగక పోవడం ఒకటి. బీపీ మాత్రలోనే కలిసి ఉన్న నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) ఇంకొకటి. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి.

మొదటిసారి వచ్చిన జబ్బు ఒకటి, రెండోసారి తీసుకెళ్ళింది వేరేదానికి. ఇది మా అమ్మ ఒక్కదానికే జరిగేది కాదట. అమెరికాలో యేల్ యూనివర్సిటీ గుండె డాక్టరు హార్లన్ క్రమ్‌హోల్జ్ 2013లో దీని గురించి రాశారు. అక్కడ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కింద ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్ళిన పెద్దవాళ్ళలో ఇంచుమించు ఐదో వంతు మంది 30 రోజుల్లోపే మళ్ళీ చేరుతున్నారని అప్పటి లెక్క. న్యుమోనియా తగ్గి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళలో మళ్ళీ న్యుమోనియాతోనే వచ్చినవాళ్ళు 29 శాతమే. మిగతావాళ్ళు పడిపోవడం, ఇంకో ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణాలతో వచ్చారు. నిద్ర లేకపోవడం, తిండి లేకపోవడం, కదలకుండా పడి ఉండటం, కొత్త మందులు, తెలియని చోటి గాబరా: ఇవన్నీ కలిసి మనిషిని ఆసుపత్రిలోనే డొల్ల చేసి ఇంటికి పంపుతున్నాయని ఆయన వాదన. అమ్మను కళ్ళారా చూశాక నాకు అందులో ఒక్క మాట కూడా కాదనిపించలేదు.

రెండోసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ వృద్ధుల వైద్యంలో ప్రత్యేకంగా చదువుకున్నావిడ. ఫైలు పక్కన పెట్టి, "జ్వరం రాకముందు, అంటే జబ్బుకి ఒక రెండు వారాల ముందు మామ్మగారు ఎలా ఉండేవారు?" అని అడిగారు. నేను బీపీ, మోకాళ్ళ నొప్పులు, కంటి ఆపరేషన్ అని మొదలుపెట్టాను. "జబ్బులు ఫైల్లో ఉన్నాయి తల్లీ, పనులు చెప్పండి. పొద్దున లేచిన దగ్గర నుంచి ఏమేం చేసుకునేవారు?"

దానికి జవాబు మా మరదలు దగ్గర ఉంది. రోజూ చూసేది తనే కదా. పాల గిన్నె దించలేక అత్తయ్య పొయ్యి దగ్గరికి రావడం మానేసిందని, బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్ళి ఏడాది దాటిందని, మాత్రలు తనే తీసి చేతికిస్తోందని, బ్యాంకు పనులు తమ్ముడు చూస్తున్నాడని చెప్పింది. స్నానం, చీర కట్టుకోవడం, తినడం మాత్రం ఎవరి సాయమూ లేకుండా చేసుకునేది. జాకెట్లు వదులైపోతే రెండుసార్లు కుట్లు బిగించి ఇచ్చానంది. ఆ మాట వినగానే డాక్టరమ్మ బీపీ చూసే డాక్టరు గారి పాత చీటీలు అడిగారు. ఏడాది కిందట 50 కిలోలు. న్యుమోనియాతో చేరిన రోజు 45. కావాలని తగ్గింది కాదు, ఎవరి కంటా పడకుండా ఐదు కిలోలు కరిగిపోయాయి.

అప్పుడు ఆవిడ కాగితం మీద 5 అని రాశారు. కెనడాలో హాలిఫాక్స్‌లోని డల్హౌసీ యూనివర్సిటీలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో తయారుచేసిన కొలమానం అది, క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ అంటారు. మొదట 7 మెట్లు ఉండేవి, తర్వాత 9 చేశారు. 1 అంటే వ్యాయామం చేస్తూ దిట్టంగా ఉన్న మనిషి. 4 అంటే పనులన్నీ చేసుకుంటున్నా నీరసం, మందకొడితనం మొదలైనవాళ్ళు. 5లో డబ్బు లెక్కలు, ప్రయాణాలు, బరువు పనులు, మందులు లాంటివాటికి ఇంకొకరు కావాలి. 6కి వస్తే స్నానానికి కూడా సాయం కావాలి. 7 అంటే ఒంటి పనులన్నిటికీ మరొకరి మీదే ఆధారం. 9 ఆఖరి దశ. స్కానింగ్ అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు నిజం చెబితే చాలు. ఈ రోజు మంచం మీద ఎలా ఉందో చూసి నంబరు వేస్తే తప్పవుతుంది, న్యుమోనియాలో ఎవరైనా నీరసంగానే ఉంటారు. అందుకే రెండు వారాల వెనక్కి వెళ్ళి అడుగుతారు.

ఆ నంబరు దేనికని అడిగాను. కెనడాలోనే ఎడ్మంటన్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తున్న 495 మందిని ఈ కొలమానంతో చూశారట, ఫలితాలు 2015లో వచ్చాయి. మూడో వంతు మంది 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నారు. వాళ్ళలో 24 శాతం మంది 30 రోజుల్లోపు మళ్ళీ చేరారు, లేదా చనిపోయారు. మిగతావాళ్ళలో అది 14 శాతం. విన్నప్పుడు గుండె దడదడలాడింది. తర్వాత ఇంటికెళ్ళి నిదానంగా ఆలోచిస్తే ఇంకోటి కనబడింది: 24 మంది పోగా, నూటికి 76 మందికి ఆ నెల గండం గడిచిందనే కదా. మేం అమ్మను ఆ 76లోకి తెచ్చుకోవాలి, చెయ్యాల్సిన పని అదొక్కటే అనుకున్నాను.

నాకు మరో భయం కూడా ఉండేది. ఈ నంబరు చూసి రేపెప్పుడైనా ఐసీయూ అవసరమైతే "ఈవిడకెందుకులే" అంటారేమోనని. ఉత్తుత్తి భయం కాదు. కోవిడ్ మొదట్లో, 2020 మార్చిలో, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ అనే సంస్థ తీవ్ర వైద్యం ఎవరికివ్వాలో తేల్చడానికి ఈ కొలమానాన్ని వాడమంది. వికలాంగుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. కొద్ది రోజుల్లోనే ఆ మాట సవరించి, 65 ఏళ్ళు దాటనివాళ్ళకీ, పుట్టుకతోనో చాలాకాలంగానో వైకల్యం ఉన్నవాళ్ళకీ దీన్ని వాడకూడదని చెప్పాల్సివచ్చింది. డాక్టరమ్మను సూటిగానే అడిగాను. "ఈ నంబరుతో ఎవరికీ తలుపులు మూయం. ఏ మనిషి దగ్గర మేం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలో అది చెబుతుంది," అన్నారు. ఆవిడ ఆ మాట మీద నిలబడ్డారు కాబట్టే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

యూరిన్ పైపు వీలైనంత త్వరగా తీసేశారు. మూడు పూటలా భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి పెట్టించారు. ఇంటి నుంచి అమ్మ కళ్ళజోడు తెప్పించారు, మంచం కిటికీ వైపు మార్పించారు, పగలు పడుకోనివ్వకుండా మాట్లాడిస్తూ ఉండమన్నారు. అలవాటుగా రాసే నిద్ర మాత్ర ఊసెత్తలేదు. పెద్దవాళ్ళకి ఆసుపత్రిలో మతి తప్పకుండా ఉండటానికి ఇలాంటి చిన్న పనులే ఎంత అక్కరకొస్తాయో షారన్ ఇనోయీ అనే డాక్టరు యేల్‌లో చేసి చూపించారు, 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సోడియం నెమ్మదిగా సరిచేశారు, నీటి మాత్ర ఉన్న బీపీ మందు మార్చారు. మూడో రోజుకో నాలుగో రోజుకో అమ్మ నన్ను గుర్తుపట్టి, "జడ సరిగ్గా వేసుకోవేమే" అంది.

ఇంటికి పంపే ముందు రోజు బలం కొలిచారు. చేత్తో పిడికిలి బిగించే చిన్న పరికరం ఉంటుంది. అమ్మ ఎంత గట్టిగా నొక్కినా 13 కిలోలు దాటలేదు. మన ఆసియావాళ్ళకి 2019లో పెట్టిన హద్దు ఆడవాళ్ళకి 18, మగవాళ్ళకి 28. అంతకన్నా తగ్గితే కండరాల్లో బలం పోయిందని లెక్క. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టినా అది బలహీనతే. అమ్మ ఒక్కసారి కూడా లేవలేకపోయింది. బరువు తగ్గడం, తీరని అలసట, పట్టు తగ్గడం, నడక మందగించడం, కదలికలు తగ్గడం: 2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికన్ డాక్టరు చెప్పిన గుర్తులు ఈ ఐదూ. మూడుంటే ఫ్రెయిల్ అంటారు. అమ్మకి ఐదూ ఉన్నాయి.

ఇక ఈసారి డిశ్చార్జ్ కాగితం రాసేటప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి ఆవిడ అడిగినవి: మంచం ఎత్తెంత, టాయిలెట్ ఏ రకం, బాత్రూముకి ఎన్ని అడుగులు, గడపలెన్ని, రాత్రి లైటుంటుందా, పగలు ఇంట్లో ఎవరుంటారు. వీటి జవాబులు కూడా సమ్మరీలో చేర్చారు. మాత్రలు సగానికి పైగా తగ్గాయి. వారంలోపు చూపించాలని తేదీ వేసిచ్చారు, ఇంటికెళ్ళిన రెండో రోజు నర్సు ఫోన్ చేసి నీళ్ళు తాగుతోందా, విరోచనం అవుతోందా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని కనుక్కుంది.

ఆ తర్వాతి కొన్ని నెలలూ తమ్ముడింట్లో పెద్ద పనే. వడ్రంగిని పిలిచి మంచం కోళ్ళు కూర్చునేలా గుంటలు తొలిచిన చెక్క దిమ్మలు చేయించాం. మంచం మోకాలి ఎత్తుకొచ్చాక అమ్మ మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. బాత్రూములో గోడకి స్టీలు పట్టీ, రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ. కమోడ్ కుర్చీ చూసి చాలా బాధపడింది, రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ బాధని మేం తేలిగ్గా తీసిపారెయ్యలేదు. పక్కన తడిక పెట్టి, దాని మీద తన పాత నేత చీర పరిచి చాటు చేశాకే ఒప్పుకుంది.

తిండి దగ్గర చుట్టాలతో కొంచెం గట్టిగానే మాట్లాడాల్సివచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకి మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రోటీన్ లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు. జబ్బుపడి లేచిన వృద్ధులకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని వైద్య నిపుణులు అంటున్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా ఇలా పెంచకూడదు. అమ్మ బరువు అప్పటికి 44. అంటే రోజుకి 53 నుంచి 66 గ్రాములు. చారన్నంతో అందులో నాలుగో వంతు కూడా రాదు. గుడ్డులో ఉండేది 6 గ్రాములు. అందుకని పొద్దున పెసరట్టు, గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డ పెరుగు, సాయంత్రం పాలల్లో వేయించిన సెనగపిండి, రాత్రి మళ్ళీ గుడ్డో చేపో. ఒకేసారి ఎక్కువ తినలేదు కాబట్టి కొంచెం కొంచెంగా ఐదారుసార్లు. మరదలు ఓపిక లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు. ఫ్రెయిల్టీకి మందేమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంట్లో వండిపెట్టే మనిషి పేరే చెబుతాను.

వ్యాయామం అన్నింటికన్నా కష్టం. అరవై ఏళ్ళు దాటినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో ఇంచుమించు ఒక కిలో కండ పోయిందని అమెరికాలో 2007లో తేల్చారు. జబ్బు లేనివాళ్ళకే అంత పోతే అమ్మకి ఎంత పోయి ఉంటుందో! ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి మూడుసార్లు వచ్చేవాడు. మొదట్లో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ గోడకి ఆనించి, దాని మీద దిండు వేసి ఎత్తు పెంచి, చేతులు ఊని లేవడం. అమ్మ ప్రతిసారీ పెదవి బిగించి, "ఒకటి... ఉండు నాయనా, ఊపిరి తీసుకోనీ... రెండు" అని తనే లెక్కపెట్టేది. కొన్నాళ్ళకి దిండు తీసేశాడు. ఆ తర్వాత ఒక చెయ్యి మాత్రమే. రెండు చేతులూ వదిలి లేచిన రోజు తమ్ముడు ఫోన్‌లో వీడియో తీసి పంపాడు, ఆఫీసులో చూసి ఏడ్చేశాను.

అన్నీ తిరిగి రాలేదు. మేడ మెట్లు ఎక్కడం లేదు, వీధిలోకి వాకర్ లేనిదే వెళ్ళదు. స్నానానికి కొన్ని నెలలు మరదలు తోడుండాల్సివచ్చింది, అంటే 6కి దిగిపోయిందన్నమాట. మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ మళ్ళీ 5 రాశారు. పట్టు 16 కిలోలు, బరువు 47. ఇంకా హద్దు కిందే ఉంది, కానీ పైకి వస్తోంది. ఈ మధ్యలో ఒకసారి జలుబు, జ్వరం వచ్చాయి, ఆసుపత్రి మెట్లెక్కే పని లేకుండానే తగ్గాయి.

ఇంట్లోనే చూసుకోగలిగింది ఒకటి డాక్టరమ్మ నేర్పారు, జపాన్ డాక్టర్లు వాడే పద్ధతి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి, పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టూ వేయించాలి. వేళ్ళు అందకపోతే మంచిదే. అంది, పైగా మధ్యలో సందు మిగిలితే కండ తగ్గిందేమో చూపించుకోవాలి. ఊళ్ళో మా పెద్దమ్మకి చేయించి చూశాను, సందు మిగిలింది. ఆవిడకిప్పుడు ఏ జబ్బూ లేదు, అందుకే ఇప్పుడే చూపిస్తున్నాం.

మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధుల కోసం ప్రత్యేక ఓపీ మొదలుపెట్టింది 1978లో. కేంద్రం వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది 2010-11లో, దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో 10 పడకల వార్డు ఉండాలి. ఇన్నేళ్ళయినా తెనాలి లాంటి ఊళ్ళలో మాలాంటివాళ్ళకి ఇలా ఒక వైద్యం ఉందనే తెలియదు. ప్రత్యేక డాక్టరు దొరక్కపోయినా, డిశ్చార్జ్ రోజున మనమే అడగొచ్చు: మా అమ్మని ఒకసారి నడిపించి చూపిస్తారా, కుర్చీలోంచి లేవగలదో లేదో కాగితం మీద రాస్తారా, ఈ మాత్రల్లో ఏవి మానెయ్యొచ్చు? జబ్బుకి ముందు మనిషి ఎలా ఉండేదో వాళ్ళు అడక్కపోయినా మనమే చెప్పాలి. ఆ సంగతి మనకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మా ముందున్నది మోకాలి ఆపరేషన్. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి కీలు మార్పిస్తే నడక మెరుగవుతుందన్నారు. ఆయనకి అమ్మ నంబరు, పట్టు, బరువు రాసిన కాగితం ఇచ్చాం. చదివి, వృద్ధుల డాక్టరమ్మతో ఫోన్‌లో మాట్లాడి, ముందు మూడు నెలలు కాళ్ళకి బలం తెప్పించండి, అప్పుడు మళ్ళీ కొలిచి నిర్ణయిద్దాం అన్నారు. అమ్మకి మాత్రం చేయించుకోవాలనే ఉంది. సంక్రాంతి తర్వాత విజయవాడ వస్తానంది.